పాడుకాక మునుపే పాతవైన యంత్రములు

ఈ సంవత్సరము మన కంప్యూటరు గదిలోని పది యంత్రములు పనికిరానివని తేలినది. అవి విఱిగినవి కావు, కాలినవి కావు. మీట నొక్కినచో నేటికిని వెలుగును, లెక్క తప్పవు. అయితే వానిని నడుపు ప్రోగ్రామును నిర్మించిన సంస్థవారు, దొంగల బారినుండి దానిని కాపాడు సవరణలను ఇకమీదట పంపబోమనియు, తమ క్రొత్త ప్రోగ్రాము ఇట్టి పాత యంత్రములలో ఇముడదనియు ప్రకటించిరి. నిన్నటివరకు పాఠము చెప్పిన వస్తువు నేడు అపాయకరమైనది. క్రొత్తవాని వెల యెంతయో కార్యాలయమువారు లెక్కవేసి చూపినప్పుడు నాకు మాట రాలేదు. మన పిల్లల తలిదండ్రులలో మగ్గముమీద కూర్చుండువారును, జీడిపప్పు కర్మాగారములలో పనిచేయువారును, మిరపకోతకు పోవువారును అనేకులు. వారు చెల్లించు రుసుమునుండియే గదా ఈ సొమ్ము రావలయును!

చదువరులు దీనిని ఒక ఉపాధ్యాయుని సణుగుడుగా తలంపకుందురుగాక. ఇది నూఱేండ్ల నాటి తంత్రము. 1924 డిసెంబరులో, ఓస్రామ్, ఫిలిప్స్ మొదలగు విద్యుద్దీపముల తయారీదారులు జెనీవా నగరమున ఒక కూటమిగా నేర్పడిరి. దానికి ఫీబస్ అని పేరు. అంతకుముందు 1,500 మొదలు 2,000 గంటలవరకు వెలుగుచుండిన దీపములకు వారు 1,000 గంటల ఆయువును నిర్ణయించిరి. ప్రతి కర్మాగారమునుండియు దీపములను తెప్పించి పరీక్షించి, ఆ గడువు మీఱినచో, చేసినవారికి జరిమానా విధించిరి. తక్కువ ఆయువుగల దీపము ఎక్కువ కాంతి నిచ్చునని వారు చెప్పిన సమాధానములో కొంత నిజము లేకపోలేదు. కాని మన్నికగా చేసినవానికి జరిమానా యేల? అమెరికా దేశమున లివర్‌మోర్ పట్టణపు అగ్నిమాపక కేంద్రములో 1901లో వెలిగించిన దీపమొకటి శతాబ్దము దాటియు వెలుగుచునే యున్నది. దానిని చేసినవారికి ఈ కూటమి సంగతి తెలియదు గదా.

1932లో బెర్నార్డు లండన్ అను నతడు న్యూయార్కున ఒక చిన్న పుస్తకము ప్రకటించి, ప్రతి వస్తువునకు ప్రభుత్వమే ఆయువు నిర్ణయించి, గడువు తీఱగానే దానిని నాశనము చేయించినచో కర్మాగారములు మరల నడచి ఆర్థికమాంద్యము తొలగునని వాదించెను. నాడు ఏ ప్రభుత్వమును అతని మాట వినలేదు. నేడు ప్రభుత్వముతో పనిలేకయే ఆ పని నెఱవేఱుచున్నది.

దీపమునకైనను కాలిపోవు తీగ యుండెను. కంప్యూటరు విషయమున అదియు అక్కఱలేదు. ఎక్కడనో కూర్చున్నవారి నిర్ణయమే చాలును. ఫోనుల సంగతి మఱియొక విధము. బ్యాటరీని జిగురుతో అంటింతురు. సామాన్యుని పనిముట్టుకు లొంగని మరలు బిగింతురు. పాత ఐఫోనుల వేగమును తగ్గించుచుంటిమని ఆపిల్ సంస్థ 2017లో ఒప్పుకొనెను. బ్యాటరీ ముదిరినప్పుడు ఫోను హఠాత్తుగా ఆగిపోకుండుటకే అట్లు చేసితిమనిరి. కావచ్చును. కాని కొన్నవానికి ఆ సంగతి ముందుగా చెప్పలేదని ఫ్రాన్సు దేశమువారు 2020లో రెండున్నర కోట్ల యూరోల జరిమానా విధించిరి. బ్యాటరీ మార్చుకొన్న చాలునని తెలియక ఎందఱు క్రొత్త ఫోను కొనిరో!

ఇక మన ఊరి మగ్గమును చూడుడు. నాడె అరిగిన నాడెను మార్తురు. పన్నె పళ్లు విఱిగిన పన్నెను బాగుచేయింతురు. కొయ్య పుచ్చిన, వడ్రంగి ఆ కొయ్య నొక్కదానినే మార్చును. త్రాడు లాగినంతనే నాడె పరుగెత్తు క్రొత్త పద్ధతి ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో మద్రాసు రాజధానియందు వ్యాపించినప్పుడు, నేతగాండ్రు నాడె నడచు చట్టమును మార్చుకొనిరేగాని, మగ్గమును గుంటలోనుండి పెఱికి పాఱవేయలేదు. అంతకంటెను నాకు ఆశ్చర్యమైనది అచ్చు అతుకుట. నేత పూర్తియైనప్పుడు పాత పడుగు కొసలను అట్లే యుంచి, క్రొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వానికి అతికి మెలిపెట్టుదురు. పోగులు వేలకొలది. ఆ పని చేయు తల్లులు మన విద్యార్థుల యిండ్లలోనే యున్నారు. చూడనివారుండిన నేడే పోయి చూడవలయును. క్రొత్తది పాతదానిని పట్టుకొని లోనికి వచ్చుట యనగా అదియే. కంప్యూటరులను చేయువారికి ఈ విద్య రాకకాదు, వలదనుకొనిరి.

పాతదంతయు మేలని నా వాదము కాదు. రక్షణలేని యంత్రమును పిల్లల చేతికిచ్చుట నాకును సమ్మతము కాదు. చీరాలలో మరమ్మతు దుకాణము నడుపు యువకుడొకడు వచ్చి, లినక్సు అను ఉచిత ప్రోగ్రామును మన యంత్రములలో ఎక్కించి చూపెను. ఆఱు యంత్రములు చక్కగా నడచినవి, నాలుగు నడువలేదు. కేరళ రాష్ట్రపు పాఠశాలలలో ఇట్టివానినే చాలకాలముగా వాడుచున్నారు. వస్తువును బుద్ధిపూర్వకముగా అల్పాయువుగా చేయుట నేరమని ఫ్రాన్సు 2015లో శాసనము చేసెను. 2025 జూన్ 20 మొదలుగా ఐరోపా సమాఖ్యలో అమ్మకమునకు వచ్చు ఫోనులకు, ఆ రకము అమ్మకము నిలిచిన పిమ్మటను ఏడేండ్లు విడిభాగములు దొరకవలయునని నియమము. మన దేశమున 2022 డిసెంబరులో మరమ్మతు హక్కునకై ప్రభుత్వము ఒక జాలస్థలమును తెఱచెను. అది శాసనము మాత్రము కాదు. కనుక తలిదండ్రులు ఫోను కొనునప్పుడు, దీనికి ఎన్నేండ్లు సవరణలు వచ్చునో, బ్యాటరీ చీరాలలో మార్చుదురో లేదో అడిగి మఱి కొనవలయునని నా మనవి.

నన్ను ఎక్కువగా బాధించునది సొమ్ముకాదు. మన వేటపాలెమున 1918లో స్థాపితమై, 1929లో గాంధీమహాత్ముని చేత శంకుస్థాపన పొందిన సారస్వత నికేతనములో, మన తాతలు చదివిన వార్తాపత్రికలను నేటికిని చదువవచ్చును. కన్నులుండిన చాలును. ఇరువదేండ్లనాటి మన పాఠశాల పత్రిక మూలప్రతి యొక సీడీలో నున్నది. నిరుడు దానిని తెఱచితిమి. తెలుగున కానవలసిన చోట ఆంగ్లాక్షరములును, ఆశ్చర్యార్థకములును, అర్థములేని గుర్తులును బారులు తీఱి కనబడినవి. 1991లో యూనికోడు మొదటి కూర్పునందే తెలుగునకు చోటు దొరకినను, మన ముద్రణాలయములు చాలకాలము ఎవరి అక్షరముల సంకేతములను వారే వాడుకొనిరి. ఆ పత్రికను కూర్చిన ప్రోగ్రాము నేటి యంత్రములలో నడువదు; దాని నమ్మినవారు దుకాణము కట్టివేసిరి. అందు వ్యాసములు వ్రాసిన బాలురు నేడు తండ్రులై, తమ పిల్లలను మన బడికే పంపుచున్నారు.

అదృష్టవశమున అచ్చుప్రతి యొకటి బీరువాలో దొరకినది. చెదలు అంచులను మాత్రమే తిన్నవి. తొమ్మిదవ తరగతి బాలికలు ఇద్దఱు మధ్యాహ్న విరామమున దానిని మొదటినుండి మరల టైపు చేయుచున్నారు. ఈ వ్యాసము వ్రాయునాటికి పదునొకండవ పుటకు వచ్చిరి.