తులం బంగారానికి పన్నెండు తులాల యురేనియం

జొహానెస్‌బర్గ్ ప్రాజెక్టు ఖాయమైందని ఇంట్లో చెప్పగానే అమ్మ అడిగిన మొదటి మాట: "ఆడ బంగారం చవకంట గదా నాయనా?"

మాది ప్రొద్దుటూరు. బంగారం వ్యాపారంలో రెండో ముంబై అని పేరున్న ఊరు. పైగా ఇంట్లో చెల్లెలి పెళ్ళి పెట్టుకున్నాం. ఆ ప్రశ్న రాకుంటేనే ఆశ్చర్యపోవాలి.

రెండో ప్రశ్న మా మామ నుంచి వచ్చింది. అమ్మ పుట్టిల్లు పులివెందుల వైపు, తుమ్మలపల్లె యురేనియం గనికి దగ్గర్లో ఉంటుంది. మామకు అక్కడ అరటి తోట. "అబ్బీ, ఆడ గూడా యురేనియం తీసినారని పేపర్లో చదివినా. తీసేసినాక పారబోసిన మట్టి ఇప్పుడు ఎట్లుండాదో చూసి చెప్పు" అన్నాడు. చవక బంగారం సంగతి విమానం దిగిన వారంలోనే తేలిపోయింది. బంగారానికి ఎక్కడైనా లండన్ ధరే. మామ ప్రశ్నకు జవాబు వెతకడానికి మాత్రం ఆరు నెలల్లో నా శనివారాలన్నీ సరిపోయాయి.

మా ఆఫీసు ఉన్న సాండ్టన్‌లో అన్నీ అద్దాల మేడలే. గచ్చిబౌలికి పెద్దన్నలా ఉంటుంది. అక్కడ కూర్చుంటే ఈ ఊరు ఎందుకు పుట్టిందో అర్థం కాదు. సముద్రం లేదు, చెప్పుకోదగ్గ నదీ లేదు. కారులో ఊరు దాటి దక్షిణానికి వెళితే అర్థమవుతుంది. ఇళ్ళ మధ్యలో, రోడ్ల పక్కన, పైభాగం కత్తితో కోసినట్టు చదునుగా పసుప్పచ్చ గుట్టలు కనిపిస్తాయి. మొదటిసారి చూసి కొండలనుకున్నాను.

"కొండలు కావు. మా తాత తవ్వింది" అన్నాడు డ్రైవ్ చేస్తున్న మా టీమ్ కుర్రాడు.

తనది సొవెటో. వాళ్ళ తాత లెసోతో నుంచి గనిపనికి వచ్చినవాడు. ఆగస్టులో గాలులు మొదలైతే ఆ గుట్టల దుమ్ము ఇంట్లో పళ్ళాల మీద పేరుకునేదట. ఆ నెలంతా వాళ్ళమ్మ బట్టలు బయట ఆరేసేది కాదు.

ఈ రాయి బయటపడ్డది 1886లో. లాంగ్‌లాగ్టె అనే పొలంలో జార్జ్ హారిసన్ అనేవాడు బంగారపు రాతిపొర చూశాడు. ప్రపంచంలోకెల్లా పెద్ద బంగారు నిధి కనిపెట్టిన ఆ మనిషి తన వాటాను పది పౌండ్లకు అమ్ముకుని వెళ్ళిపోయాడని చెబుతారు. ఆ ఏడాదే జొహానెస్‌బర్గ్ పుట్టింది. దొరికిన చోట ఇప్పుడు ఒక చిన్న పార్కు ఉంది. పెద్ద ఆర్భాటం ఏమీ లేదు, నాలాంటి వాళ్ళు తప్ప వచ్చేవాళ్ళూ తక్కువే. దొంగచాటుగా తవ్వేవాళ్ళు దాన్నీ వదల్లేదు.

ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళంతా వెళ్ళే చోటు గోల్డ్ రీఫ్ సిటీ. పాత క్రౌన్ మైన్స్ 14వ నంబరు షాఫ్ట్ మీద కట్టిన వినోదాల పార్కు. రోలర్ కోస్టర్ల గోల పక్కనే లిఫ్టులో భూమి లోపలికి దింపుతారు. కింద గైడ్ గోడ మీద టార్చి వేసి "ఇదే బంగారం" అన్నాడు. అందరం కళ్ళు చిట్లించి చూశాం. తెల్లటి గులకరాళ్ళు, వాటి మధ్య నల్లగా బిగిసిన రాయి, అంతే. డచ్చివాళ్ళకు అది తమ బాదం మిఠాయిలా కనిపించిందట, అందుకే 'బాంకెట్' అని పేరు పెట్టారు. మా కడపోళ్ళు ముందు చూసి ఉంటే చెనిక్కాయ ఉండ అనేవాళ్ళు. అచ్చం పాకంలో పప్పులు అద్దినట్టే ఉంటుంది. బంగారం మాత్రం కంటికి ఆనదు. టన్ను రాతికి ఏడెనిమిది గ్రాములు ఉంటే ఎలా కనిపిస్తుంది!

నన్ను పట్టుకున్నది ఆ గులకరాళ్ళ కథే. 290 కోట్ల నుంచి 270 కోట్ల ఏళ్ళ కింద ఇక్కడొక పెద్ద పల్లపు ప్రాంతం ఉండేది. చుట్టూ ఉన్న కొండల్ని నదులు అరగదీసి రాళ్ళనూ ఇసుకనూ అందులోకి తెచ్చి పోశాయి. బరువైనవన్నీ గులకరాళ్ళ సందుల్లో చిక్కుకున్నాయి. బంగారం ఒకటి, 'పిచ్చివాడి బంగారం' అనే పైరైట్ ఒకటి, యురేనైట్ అనే యురేనియం ఖనిజం ఒకటి. బంగారం నదితో రాలేదు, తర్వాత వేడి నీళ్ళు మోసుకొచ్చాయనే వర్గం కూడా ఉంది. నూరేళ్ళుగా రెండు వర్గాలూ కొట్టుకుంటూనే ఉన్నాయి. కానీ యురేనైట్ గింజలు మాత్రం నదిలో దొర్లినట్టు గుండ్రంగా ఉంటాయి. అది చిన్న విషయం కాదు. ఈ ఖనిజం ఆక్సిజన్ ఉన్న నీళ్ళలో నిలవదు, మెల్లగా కరిగిపోతుంది. ఇవాళ మా పెన్నలో వేస్తే సముద్రం దాకా గింజగా చేరదు. పైరైట్ కూడా అంతే, తుప్పు పడుతుంది. అవి రెండూ చెక్కుచెదరకుండా దొర్లుకుంటూ వచ్చాయంటే ఆనాటి గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదన్నమాట. అది గాలిలో పెరగడం మొదలైంది సుమారు 240 కోట్ల ఏళ్ళ కింద. అప్పటికే ఈ గింజలు రాయిలో భద్రంగా పూడిపోయి ఉన్నాయి.

ఆ తర్వాత 202 కోట్ల ఏళ్ళ కింద పది కిలోమీటర్లకు పైబడిన గ్రహశకలం ఒకటి, ఇక్కడికి నైరుతిలో, ఇప్పటి వ్రెడెఫోర్ట్ దగ్గర పడింది. ఆ దెబ్బకు రాతిపొరలు ఒరిగి లోపలికి దిగిపోయాయి. దిగిపోబట్టే వానకూ గాలికీ అరిగిపోకుండా ఇంత బంగారం మిగిలిందంటారు. అంటే గాలి తగలకుండా దాచిపెట్టే పనిని భూమి రెండుసార్లు చేసిందన్నమాట.

మనుషులు చేసింది దానికి తిరగబాటు. మొదట్లో పైపొరల్లో గాలీ వానా తగిలి పైరైట్ అప్పటికే తుప్పు పట్టి ఉండేది, పాదరసంతో బంగారం సులభంగా దక్కేది. కొంచెం లోతుకు వెళ్ళేసరికి తాజా పైరైట్ అడ్డం వచ్చింది, పాదరసం పని చేయలేదు. 1890 ప్రాంతంలో ఊరే మూతపడే పరిస్థితి. సయనైడ్ పద్ధతి వచ్చి కాపాడింది. రాయిని పిండిలా నూరి, సయనైడ్ ద్రావణంలో బంగారాన్ని కరిగించి, జింక్‌తో విడదీస్తారు. మిగిలిన పిండిని పక్కన పోస్తారు. నేను కొండలనుకున్నవి ఆ పిండి గుట్టలే.

నూరే కొద్దీ లోతు పెరిగింది. మ్పొనెంగ్ గని నాలుగు కిలోమీటర్ల దాకా దిగింది. అక్కడ రాతి వేడి 60 డిగ్రీలు దాటుతుంది, చల్లబరచడానికి పైనుంచి మంచు పంపుతారు. దిగిన మనుషుల్లో ఎక్కువమంది నల్లజాతి వలస కూలీలు. కాంపౌండ్లలో కాపురం, తక్కువ జీతం. 1946 ఆగస్టులో డెబ్బై వేల మందికి పైగా సమ్మె చేస్తే పోలీసులు తుపాకులతో గనుల్లోకి తోలారు. రాతి పొడి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ వచ్చినవాళ్ళ దావా 2018కి గానీ రాజీ దాకా రాలేదు. దాదాపు 500 కోట్ల ర్యాండ్ల పరిహారం. (ఆ ర్యాండ్ అనే పేరు కూడా ఈ విట్‌వాటర్స్‌రాండ్ గుట్టలదే.) మా కుర్రాడి తాత అప్పటికే దగ్గి దగ్గి పోయాడు.

ఈ రాతిలో యురేనియం ఉందని 1920లలోనే తెలుసు. అప్పుడు దాన్నెవరు అడుగుతారు? అరవై ఏళ్ళ పాటు బంగారం తీసుకుని యురేనియాన్ని పిండితో పాటే పారబోశారు. హిరోషిమా తర్వాత అమెరికా, బ్రిటన్ పరుగున వచ్చాయి. 1952లో క్రూగర్స్‌డోర్ప్ దగ్గర వెస్ట్ రాండ్ కన్సాలిడేటెడ్ గనిలో మొదటి యురేనియం ప్లాంటు మొదలైంది. ఇంజనీరుగా నాకు నచ్చిన సంగతి ఒకటుంది. యురేనియం కరగడానికి సల్ఫ్యూరిక్ యాసిడ్ కావాలి కదా, దాన్ని అదే రాతిలోని పైరైట్ నుంచి తయారు చేశారు. ఒక రాయి, మూడు సరుకులు. ఆ తర్వాత వర్ణవివక్ష ప్రభుత్వం సొంతంగా ఆరు అణుబాంబులు కూడా చేసుకుంది. వాటిని విప్పేశామని 1993లో డి క్లెర్క్ ప్రకటించాడు.

అయినా తీసింది కొంతే. మిగిలింది గుట్టల్లోనే ఉంది. ఒక రాత్రి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని లెక్కేశాను. ఇక్కడ ఇప్పటిదాకా తీసిన బంగారం సుమారు 50 వేల టన్నులు. పోసిన పిండి సుమారు 600 కోట్ల టన్నులు. అందులో ఉన్న యురేనియం 6 లక్షల టన్నులని అంచనా. అంటే తులం బంగారానికి టన్నుకు పైగా రాయి నూరారు, పన్నెండు తులాల యురేనియం బయట వదిలేశారు. చెల్లెలికి అమ్మ పెట్టాలనుకున్నది ఇరవై తులాలు. మిగతాది మీరే లెక్కేసుకోండి. మా సాఫ్ట్‌వేర్‌లో తొందర పడి చేసిన పనికి తర్వాతి టీమ్ మోసే బరువును టెక్నికల్ డెట్ అంటాం. ఆ మాట ఇక్కడ సరిపోదు, చాలా చిన్నదైపోతుంది.

మరో శనివారం పడమటి వైపు వెళ్ళాం. గనులు మూతపడితే నీళ్ళు తోడేవాళ్ళుండరు. ఖాళీ సొరంగాలు నిండుతాయి. లోపలి పైరైట్‌కు నీళ్ళూ గాలీ తగిలి యాసిడ్ పుడుతుంది, ఆ యాసిడ్ లోహాల్నీ యురేనియాన్నీ కరిగిస్తుంది. ఏ సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను ప్లాంటులో పనిగట్టుకుని చేశారో, ఇప్పుడది ఎవరూ అడక్కుండానే తయారవుతోంది. 2002లో క్రూగర్స్‌డోర్ప్, రాండ్‌ఫొంటైన్ మధ్య పాత గనుల్లోంచి ఆ నీళ్ళు పైకి పొంగాయి. ఇప్పుడు తోడి, సున్నం కలిపి వాగుల్లోకి వదులుతున్నారు. ఆపడానికి వీల్లేని పని అది. వాగు గట్టు మీది రాళ్ళు ఇటుక పొడి రుద్దినట్టు ఎర్రగా ఉన్నాయి.

ఆ దగ్గర్లోనే ట్యూడర్ షాఫ్ట్ అనే రేకుల ఇళ్ళ పేట గురించి చదివాను. గనుల పిండి మీదే వెలిసిన పేట, రేడియేషన్ ఎక్కువని కొన్ని కుటుంబాల్ని తరలించారు. దారిలో అలాంటి పేటలు ఎన్నో. గుట్ట అంచున పిల్లలు అట్టముక్కల మీద కూర్చుని జారుతున్నారు. మా కుర్రాడు కారు ఆపలేదు. "మేమూ జారేవాళ్ళం" అన్నాడు, అంతే.

గుట్టల్ని అలాగే వదిలేశారని కూడా అనలేం. చాలావాటిని మళ్ళీ నీళ్ళు కొట్టి కరిగించి, మిగిలిన బంగారం పిండుకుంటున్నారు. ఊరి మధ్యలో ఒక గుట్ట మీద టాప్ స్టార్ అనే డ్రైవిన్ సినిమా ఉండేది. 2006లో దాన్ని మూసేశారు, తర్వాత గుట్టనే తవ్వి పట్టుకెళ్ళారు. నాకు మా ప్రొద్దుటూరు గుర్తొచ్చింది. చిన్నప్పుడు తెల్లారకముందే కంసాలి అంగళ్ళ ముందు దుమ్ము ఊడ్చుకుపోయి కడిగేవాళ్ళుండేవారు. బంగారం దొరికే చోట దుమ్ముకూ గిరాకీ ఉంటుంది. కడిగేవాడికి కావాల్సింది బంగారమే. యురేనియం ఇంకో చోటికి, ఇంకో కొత్త గుట్టకు మారుతుంది. మూసిన గనుల్లోకి దిగే బీదవాళ్ళను ఇక్కడ 'జమా జమా' అంటారు. 2025 జనవరిలో స్టిల్‌ఫొంటైన్ దగ్గర ఒక పాత గనిలోంచి 78 శవాలు తీశారు.

మామకు ఫోన్‌లో ఇదంతా చెప్పాను. ఒకటి మాత్రం నొక్కి చెప్పాను, మన రాయి వేరు అని. తుమ్మలపల్లెది డోలమైట్, సున్నపు జాతి. అక్కడ యాసిడ్ కాదు, క్షారంతో కరిగిస్తారు. ఇక్కడిలా యాసిడ్ నీళ్ళు పొంగుతాయని చెప్పలేం. కానీ రాయిని పిండి చేసి గాలిలో పెట్టడం మాత్రం రెండు చోట్లా ఒకటే. అక్కడ 2012 నుంచి తవ్వుతున్నారు, ఇక్కడ నూట ముప్ఫై ఏళ్ళు దాటింది.

మామ అంతా విన్నాడు. సయనైడ్, గ్రహశకలం గురించి ఒక్క ప్రశ్న వేయలేదు.

"ఆ గుట్టల మీద గడ్డి మొల్చిందా?"

"దుమ్ము లేవకుండా కొన్నిటి మీద వాళ్ళే నాటినారు మామా."

"మరి గొడ్లు మేస్తాండాయా దాన్ని?"

లేదని చెప్పలేకపోయాను. ఆ శనివారం గుట్ట వెనక వైపు నాలుగు ఆవుల్ని చూశాను.