పెద్దమ్మ పాత చీటీ

జూన్ 4, 2024

మందుల షాపు మూసే వేళకు వచ్చింది పెద్దమ్మ. కొడుకు దుబాయిలో. చేతిలో రెండేళ్లనాటి చీటీ, అల్ప్రాజోలం 0.5 మి.గ్రా. "పొద్దుమీకి రెండు గోలీలు ఎయ్యకుంటే కన్ను మూతవడదు బిడ్డా, నిన్ననే ఒడిసినయి." అది షెడ్యూల్ హెచ్‌1 మందు. 2014 మార్చి నుంచి ఇలాంటివి అమ్మితే రాసిన డాక్టరు పేరు, అడ్రసు, రోగి పేరు, ఎన్ని ఇచ్చామో వేరే రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు దాచాలి. పాత చీటీకి ఇవ్వలేను. ఆ మాట చెప్పకుండా "లేవు పెద్దమ్మా" అన్నాను.

రాత్రి ఒంటిగంట

తప్పు చేశాను. రెండేళ్లు రోజూ వేసుకున్న మనిషికి ఉన్నట్టుండి ఆగితే వణుకు, చెమటలు, ఫిట్స్ కూడా రావచ్చు. ఫిట్స్ ఆపడానికి సూదిగా ఇచ్చే డైజిపామ్ కూడా ఈ జాతి మందే. 2015లో మా కామారెడ్డి వైపు కల్తీ కల్లు బంద్ అయినప్పుడు చూశాను కదా. కల్లులో కలిపింది ఈ అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేటే. అవి అందక మనుషుల మెడలు వంకర్లు పోయాయి, గాలిలో ఏదో ఏరుతున్నట్టు చేతులాడించారు. అంతా తెలిసీ ఆమెను ఉత్తచేతులతో పంపాను.

జూన్ 5

తెల్లారగానే బండిమీద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె వేళ్లు వణుకుతున్నాయి. "కల్లు తాగుతవా అవ్వా?" అని అడిగాడు డాక్టరు. "ఐతారం ఒక సీసా." ఆయన కలం కింద పెట్టాడు. కల్లూ గోలీ కలిస్తే ఊపిరి మందగిస్తుంది. అది కల్తీ కల్లయితే ఒంట్లోకి మందు ఎంత పోతోందో ఎవరికీ తెలియదు. నిరుడు రాత్రిపూట బాత్రూంలో పడ్డ సంగతీ అప్పుడే బయటపడింది. కల్లు మానమన్నాడు. రెండు వారాలు రెండు గోలీలే, తర్వాత ఒకటిన్నర, ఆపైన ఇంకా నిదానంగా.

జూన్ 11

ఎవరో కుర్రాడు చీటీ లేకుండా పది షీట్లు అడిగాడు. కల్లులో కలపడానికేమోనని ఇవ్వలేదు. ఎన్‌డీపీఎస్ మాదకద్రవ్యాల చట్టంలో అల్ప్రాజోలం 5 గ్రాముల వరకే చిన్న పరిమాణం, 100 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. 5 గ్రాముల పొడితో 0.5 మి.గ్రా. గోలీలు పదివేలు చేయొచ్చు. కల్లు కుండలో చిటికెడు వేస్తే ఏమవుతుందో ఈ లెక్కలోనే ఉంది.

జూన్ 19

పెద్దమ్మ కొత్త చీటీ తెచ్చింది: ఒకటిన్నర. రిజిస్టరులో ఎక్కించాను.

"ఇప్పుడన్న ఉన్నయా బిడ్డా?"

"ఆ రోజూ ఉన్నయి పెద్దమ్మా" అన్నాను.