మన ఫైలు ఏది, పరాయి ఫైలు ఏది

మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేను. ఇప్పుడు ఎం.సి.ఎ. చదువుతున్నాను. సంచికకు ఏదైనా రాయమంటే కవిత రాద్దామనుకున్నాను. కానీ కంప్యూటర్ మనకు రాదని మధ్యలో వదిలేసేవాళ్లను చూశాక దాని గురించే నాలుగు మాటలు రాయాలనిపించింది.

మన హాస్టల్‌లో డిగ్రీ చదివే ఒక తమ్ముడు పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాడు. హాజరు పట్టీ చదివి, ఆ పూట ఎంతమందికి వండాలో అది చెప్పాలి. కానీ ఊరికి పోయినవాళ్లను కూడా కలిపి లెక్క చూపిస్తోంది. తప్పు పట్టుకుందామని వి.ఎస్. కోడ్‌లో డీబగ్గర్ నడిపాడు. మైక్రోసాఫ్ట్ వాళ్లు 2015 నుంచి ఉచితంగా ఇస్తున్న ఎడిటర్ అది. పట్టీని చదివే లైను మీద ఎఫ్11 నొక్కగానే పాండాస్ లైబ్రరీ ఫైలు తెరుచుకుంది. మళ్లీ నొక్కితే ఇంకొకటి. అన్నీ తెలియని పేర్లే. "అన్నా, ఇది మనతోని కాదు" అన్నాడు.

వాడి తెలివికి ఏ లోటూ లేదు. నొక్కిన మీట అలాంటిది. ఎఫ్11, అంటే స్టెప్ ఇన్‌టు, పల్లెవెలుగు బస్సు లాంటిది. ప్రతి ఫంక్షన్ లోపలికీ పోయి ఆగుతుంది. ఎఫ్10, అంటే స్టెప్ ఓవర్, ఎక్స్‌ప్రెస్. జహీరాబాద్‌లో ఎక్కితే సదాశివపేట, సంగారెడ్డి మీదుగానే పోతుంది గానీ ఊరూరా ఆగదు. అలాగే ఎఫ్10 కూడా ఆ ఫంక్షన్‌ను పూర్తిగా నడిపించి, మన తర్వాతి లైను దగ్గర నిలబెడుతుంది. లోపల మనం బ్రేక్‌పాయింట్ పెట్టి ఉంటేనే మధ్యలో ఆగుతుంది. ఒకవేళ లోపలికి పోయినా, షిఫ్ట్‌తో కలిపి ఎఫ్11 నొక్కితే బయటికి వస్తాం.

లాంచ్ జేసన్ ఫైలులో 'జస్ట్ మై కోడ్' అనే సెట్టింగ్ ఒకటుంది. మామూలుగా అది 'ట్రూ'గా ఉంటుంది. అప్పుడు డీబగ్గర్ లైబ్రరీల్లోకి దిగదు. తమ్ముడు ఎవరిదో ప్రాజెక్టు కాపీ చేసుకున్నాడు, అందులో 'ఫాల్స్' అని ఉంది. మార్చాం. మనమే రాసుకున్న వేరే ఫైళ్లను మాత్రం ఈ సెట్టింగ్ ఆపదు. అవి బాగానే పనిచేస్తున్నాయని తెలిస్తే ఎఫ్10తో దాటాలి.

తర్వాత విలువలు చూసుకుంటూ ఒక్కో లైనే నడిచాం. పట్టీలో గైరుహాజరుకు 'ఏ' అక్షరం వేశారు. దాని పక్కన ఒక ఖాళీ పడింది. కంప్యూటర్‌కు 'ఏ' వేరు, ఖాళీతో ఉన్న 'ఏ' వేరు. 'స్ట్రిప్' అని ఒక్క మాట చేరిస్తే లెక్క సరిపోయింది.

లోపలికి దిగాల్సిన రోజు కూడా వస్తుంది. ప్రోగ్రాం లైబ్రరీలో ఎక్కడో ఆగిపోతే, ఎర్రర్‌ను కింది నుంచి పైకి చదువుతూ మన ఫైలు పేరు వెతకండి. ముందు ఆ లైను చూడండి. అక్కడ దొరక్కపోతే అప్పుడు 'ఫాల్స్' పెట్టి ధైర్యంగా దిగండి.

మా నాన్న చెరకు నరికే కూలి. నాకు డౌటొస్తే ఇంట్లో అడగడానికి ఎవరూ లేరు. మీలో చాలామందికీ అంతే. అందుకే చెప్తున్నా తమ్ముళ్లూ, తెలియని ఫైలు కనబడగానే కంప్యూటర్ కట్టేయకండి. అది ఎవరి ఫైలో పేరు చూడండి. సెలవుల్లో నేను హాస్టల్‌కు వస్తుంటాను, అడగండి. ఆ తమ్ముడు ఇప్పుడు అదే ప్రోగ్రాంలో బియ్యం లెక్క కూడా కలుపుతున్నాడు.