‘ఝ’కి ఎన్ని చుక్కలు కావాలి?

జహీరాబాద్ నుంచి ఝరాసంగం ఎంతో దూరం లేదు. శివరాత్రి వచ్చిందంటే కేతకీ సంగమేశ్వరుడి గుడికి జనం కదులుతారు. దారి సంగతి సరే, ఆ ఊరి పేరును కరెంటు చుక్కలతో రాయాల్సి వచ్చినప్పుడే అసలు చిక్కు. మొదటి అక్షరమే ‘ఝ’! పలక మీద దిద్దేటప్పుడే పిల్లల్ని ముప్పుతిప్పలు పెట్టే అక్షరం అది. పెయింటర్ కుంచెకు ఎలాగో లొంగుతుంది. పదహారు వరసల చుక్కల బోర్డు మీద మాత్రం ఆ మెలికలన్నీ ఎక్కడ పెట్టాలో బోర్డు చేసేవాడికి పాలుపోదు.

మెడికల్ షాపు మీద, గుడి గోపురం పక్కన, కొన్ని బస్సుల నుదుటి మీద ఎర్రగా పరుగెత్తే అక్షరాలు చూస్తూనే ఉంటాం కదా. వాటిలో చాలావాటిని పి-10 అనే పలకలతో చేస్తారు. చుక్కకీ చుక్కకీ మధ్య 10 మిల్లీమీటర్ల దూరం కాబట్టి ఆ పేరు. ఒక్కో పలకలో అడ్డంగా 32, నిలువుగా 16... మొత్తం 512 చుక్కలు. ఆ 512 చుక్కలూ ఒకేసారి వెలుగుతున్నాయని మన కళ్లు నమ్ముతాయి. అది కళ్ల భ్రమే. ఏ క్షణంలో చూసినా అందులో నాలుగు వరసలే వెలుగుతుంటాయి. మిగతా పన్నెండూ వంతు కోసం ఎదురుచూస్తుంటాయి. నమ్మకం లేకపోతే సెల్‌ఫోన్‌తో ఆ బోర్డును వీడియో తీసి చూడండి. బోర్డు మీద నల్లటి పట్టీలు పాకుతూ కనిపిస్తాయి చాలాసార్లు. కంటిని మోసం చేసినంత సులువుగా కెమెరాను చేయలేరు!

ఎందుకీ వంతులు? జహీరాబాద్ రైతుకైతే ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. బోరు కింద నాలుగెకరాల చెరకో అల్లమో వేసి డ్రిప్ పైపులు పరిచినవాడు అన్ని వాల్వులూ ఒక్కసారే తిప్పడు. తిప్పితే ఏ మొక్కకూ సరిగ్గా నీళ్లందవు. ఒక మడి వాల్వు తిప్పి, అది తడిశాక కట్టేసి, పక్క మడికి పోతాడు. బోర్డులోనూ అంతే. అడ్డవరసకు ఒక తీగ, నిలువువరసకు ఒక తీగ. ఏ అడ్డవరస వాల్వు తెరిచి ఉందో, ఆ వరసలో ఏ చుక్కలు వెలగాలో నిలువు తీగలు చెబుతాయి. తర్వాత పక్క వరస. ఈ తిప్పుడంతా కన్ను పసిగట్టలేనంత వేగంగా సాగిపోతుంది.

దీనివల్ల మిగిలే తీగలెన్నో లెక్క వేస్తే ఆశ్చర్యమేస్తుంది. 2000లో వచ్చిన నోకియా 3310 గుర్తుందా? ఆ బుల్లి తెర మీద 84 నిలువు, 48 అడ్డం, మొత్తం 4,032 చుక్కలు. చుక్కకో తీగ లాగితే నాలుగు వేల పైచిలుకు తీగలు! వరసల పద్ధతిలో 84, 48 కలిపితే 132 చాలు. పాము ఆట ఆడుకున్న వాళ్లెవరికీ ఈ పొదుపు సంగతి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

కానీ పొదుపు ఊరికే రాదు. వరసలు పెరిగేకొద్దీ ఒక్కో వరసకు దొరికే సమయం తగ్గిపోతుంది, వెలుగూ తగ్గుతుంది. అందుకే ఎండలో పెట్టే పి-10 పలకలో వాటా నాలుగింట ఒకటి. గదుల్లో పెట్టే దగ్గర చుక్కల పలకల్లో పదహారింట ఒకటి దాకా పోతారు. లిక్విడ్ క్రిస్టల్ తెరల్లో ఇంకో బాధ ఉంది. వెలగాల్సిన చుక్కకూ వెలగకూడని చుక్కకూ అందే వోల్టేజీల్లో తేడానే కరిగిపోతుంది. 1974లో ఆల్ట్, ప్లెష్కో అనే ఇద్దరు ఇంజినీర్లు ఈ లెక్క తేల్చారు. 16 వరసలుంటే ఆ తేడా ఎంత బాగా చేసినా 29 శాతం. 100 వరసలకు పదిన్నర శాతమే. అంటే నలుపు, తెలుపు రెండూ బూడిద రంగులోకి జారిపోతాయన్నమాట.

దీనికి రెండు దారులు దొరికాయి. ఒకటి, ప్రతి చుక్క పక్కనా ఒక ట్రాన్సిస్టర్ పెట్టడం. మొక్క మొదట్లో చిన్న తొట్టి కట్టినట్టు! వంతులో వచ్చిన నీళ్లు మళ్లీ వంతు వచ్చేదాకా నిలుస్తాయి. అమెరికాలో పీటర్ బ్రోడీ బృందం 1973లో ఆరంగుళాల తెర మీద ఇలా 14,400 చుక్కలు నిలబెట్టింది. నేటి టీవీలూ ఫోన్లూ ఆ దారిలోవే. రెండోది మన పక్క రాష్ట్రంలో నడిచిన దారి. బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో టి.ఎన్. రుక్మాంగదన్ ఒక్కో వరసనే తెరవడం ఎందుకు, కొన్నిటిని కలిపి ఒకేసారి తెరుద్దాం అన్నారు. ఆ వరసలకు వేర్వేరు సంకేతాలిచ్చి, దేని చుక్క దానికే అందేలా లెక్క కుదిర్చారు. 1980ల్లో జరిగిన పని ఇది. తెరల చరిత్ర చెప్పుకునేటప్పుడు మనవాళ్లు దీన్ని తలుచుకోవడం తక్కువే.

వరసల్ని కలిపి తెరవడంలో ఇంకో సులువు కూడా ఉంది. వరసల వంతు చూసే పనిని షిఫ్ట్ రిజిస్టర్ అనే సర్క్యూట్‌కు అప్పగించవచ్చు. ఒక టోకెన్ చేతులు మారినట్టు ‘నీ వంతు’ అన్న సంకేతం వరస నుంచి వరసకు జరుగుతుంది. ఒకటికి బదులు పక్కపక్కనే రెండు టోకెన్లు వేసి, రెండేసి అడుగులు జరిపితే? రెండు వరసలకూ ఒకే బొమ్మ పడుతుంది. నాణ్యత సగమైనా, పని సగం అడుగుల్లో ముగుస్తుంది. వరసకు రెట్టింపు సమయం దొరుకుతుంది. అవసరమైన చోట మళ్లీ ఒక్కో వరసగా నడవచ్చు. ఒకే తెర ఒకచోట సన్నగా, మరోచోట మోటుగా పలికే ఏర్పాటు ఇది.

మోటు అంటే చిన్నచూపు అక్కర్లేదు. దేవుడిచ్చిన కన్నూ ఇలాంటిదే! రెటీనాలో సుమారు 12 కోట్ల రాడ్ కణాలు, 60 లక్షల కోన్ కణాలు ఉంటాయి. మెదడుకు పోయే నరంలో తీగలు మాత్రం పది లక్షలకు కాస్త అటూఇటూ. అందుకే నడిమధ్య చిన్న భాగంలో కణానికి దాదాపు ఒక తీగ, అంచుల్లో ఎన్నో కణాలకు కలిపి ఒకటి. ఇప్పుడు ఈ అక్షరం మీద చూపు పెట్టి, నాలుగంగుళాల అవతలి మాట చదవడానికి ప్రయత్నించండి. రాదు.

మరి ఈ సన్నం, మోటు ఎక్కడ ఉండాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? ఇంగ్లిష్ పెద్దక్షరాలకు అడ్డం 5, నిలువు 7 చుక్కలు చాలు. తెలుగుకు పైన గుడి, నడుమ అక్షరం, కింద వత్తు. పదహారు వరసలను ఈ ముగ్గురూ పంచుకోవాలి. ‘బ’కీ ‘భ’కీ తేడా చిన్న గీతల్లోనే. ‘సంగారెడ్డి’లో డ వత్తు నలిగితే ఊరి పేరే మారిపోతుంది. ‘నారాయణఖేడ్’ బోర్డు చివరికొచ్చేసరికి బస్సు కదిలిపోతుంది! ఉర్దూ చదివేవాళ్ల కష్టం ఇంకా సున్నితం. కింద ఒక్క చుక్క ఉంటే ‘బే’, పైన రెండుంటే ‘తే’. కర్ణాటక సరిహద్దున ఉన్న జహీరాబాద్‌లో ఈ మాటలు పుస్తకాలకే పరిమితమైనవేమీ కావు.

ఇంగ్లిష్ వచ్చినవాళ్లు బోర్డు భాష మారేదాకా ఆగి ఎక్కేస్తారు. తెలుగు ఒక్కటే చదవగల అవ్వ పక్కనున్న కాలేజీ పిల్లను అడగాల్సిందే. “బిడ్డా, గిది జోగిపేట బస్సేనా?” అని. ఆ పిల్ల ఎటూ చెబుతుంది, “అవునవ్వా, ఎక్కు” అని. కానీ ఆమెకు చదువు వచ్చు. బోర్డుకే ఆమె అక్షరం రాలేదు.

ఇందుకు కొత్త కనిపెట్టుడు ఏమీ అక్కర్లేదు. అంకెలకూ ఇంగ్లిష్‌కూ వరసల్ని కలిపి నడిపి, తెలుగు వచ్చినప్పుడు విడదీసి నడిపే సర్క్యూట్లు సాధ్యమే. అంత హంగు వద్దనుకుంటే, పి-10 పలక మీద ఇంకో పలక పేరిస్తే 32 వరసలు. వెలుగు తగ్గదు, ఎందుకంటే ఏ పలక వంతులు ఆ పలకవే. ఖర్చు మాత్రం దాదాపు రెట్టింపు. ఆ రెండో పలక డబ్బు ఎవరు పెడతారన్న దగ్గరే బేరం ఆగిపోతోంది.