క్వాంటంతో కరెంటు లెక్కలు

ఈమధ్య ఎక్కడ చూసినా క్వాంటం గోలే. అమరావతికి ఐబీఎం వాళ్ల 156 క్యూబిట్ల హెరాన్ యంత్రం వస్తుందని 2025 మేలో ప్రకటించినప్పటి నుంచీ మనవాళ్లలో వేడి ఇంకాస్త పెరిగింది. మా టీంలో కుర్రాడొకడు ఉద్యోగం మానేసి క్వాంటం కోర్సులో చేరతానంటున్నాడు. ఫీజు రెండు లక్షలు, అదీ అప్పు చేసి. "అన్నా, పవర్ గ్రిడ్ షెడ్యూలింగ్ మామూలు కంప్యూటర్ల వల్ల కాదంట. క్వాంటం అయితే అన్ని కాంబినేషన్లూ ఒకేసారి చూసేస్తదంట" అని వాడి వాదన. ఆ "అంట"ల మీద రెండు లక్షలు పెట్టే ముందు లెక్క చూద్దాం అన్నాను.

మన దేశంలో గ్రిడ్ షెడ్యూలు అంటే రోజుకి 96 ముక్కలు, ఒక్కోటి 15 నిమిషాలు. సింహాద్రిలో ఉన్నలాంటి 500 మెగావాట్ల బొగ్గు యూనిట్లు పది ఉన్నాయనుకోండి. ఏ ముక్కలో ఏది నడవాలి, ఏది ఆగాలి? మొత్తం 960 అవును-కాదు ప్రశ్నలు. కాంబినేషన్లు లెక్కేస్తే 289 అంకెల సంఖ్య. కోర్సులమ్మేవాళ్ల స్లైడు సరిగ్గా ఇక్కడే ఆగిపోతుంది.

అసలు అన్నీ చూడమని ఎవడు చెప్పాడు? బ్రాంచ్ అండ్ బౌండ్ పద్ధతి పనికిరాని కొమ్మల్ని మొదట్లోనే నరికేస్తుంది. అమెరికాలో పీజేఎం గ్రిడ్ వాళ్లు మర్నాటి షెడ్యూలుకి మిక్స్‌డ్ ఇంటీజర్ ప్రోగ్రామింగ్ వాడటం 2004లోనే మొదలెట్టారు. మన పది యూనిట్ల లెక్క ల్యాప్‌టాప్ మీద టీ చల్లారేలోపు తేలిపోతుంది.

పోనీ క్వాంటం అన్నీ ఒకేసారి చూసిందే అనుకుందాం. కొలిచినప్పుడు చేతికొచ్చేది ఒక్క జవాబే, అది మంచిదే అవ్వాలని రూలేం లేదు. గ్రోవర్ పద్ధతి వెతుకులాటని వర్గమూలానికి తగ్గిస్తుంది, నిజమే. 289 అంకెల సంఖ్యకి వర్గమూలం 145 అంకెలు. సంతోషం!

పైగా యూనిట్ ఆన్ అంటే చాలదు, ఎన్ని మెగావాట్లో కూడా చెప్పాలి. ఈ రంగంలో ఎక్కువగా వాడే క్యూబో రూపంలో అన్నీ సున్నా-ఒకట్లే. 500 దాకా ఒక్కో మెగావాట్ తేడాతో రాయాలంటే 9 బిట్లు కావాలి. 10 × 96 × 9 = 8640, దానికి పాత 960 కలిపితే 9600. హెరాన్‌లో ఉన్నవి 156. (ఆన్-ఆఫ్ ముక్క మాత్రం క్వాంటంకి ఇచ్చి, మెగావాట్లు మామూలు కంప్యూటర్‌కి వదిలేసే హైబ్రిడ్ దారి ఉంది. నాకు కాస్త నమ్మకమున్నది దానిమీదే.)

అసలు తలనొప్పి వేరే ఉంది. మధ్యాహ్నం సోలార్ విరగబడి వస్తుంది, సాయంత్రానికి పడిపోతుంది. చల్లబడిన బొగ్గు యూనిట్ మళ్లీ లేవాలంటే గంటలు పడుతుంది. రేపు మబ్బు పడుతుందో లేదో ఈరోజే ఊహించి, ఏది ఆపాలో తేల్చుకోవాలి. ఊహ తప్పితే ఏ క్యూబిట్టూ కాపాడదు.

వాణ్ణి ముందు హైగ్స్ అనే ఉచిత సాల్వర్‌తో ఇదే లెక్క రాయమన్నాను, తర్వాత దాన్నే క్యూబోలోకి మార్చమన్నాను. ప్రస్తుతం మూడు యూనిట్ల దగ్గర ఉన్నాడు. డిమాండ్ తప్పితే వేసే పెనాల్టీ తక్కువ పెడితే సరిపడా కరెంటు రావట్లేదు, ఎక్కువ పెడితే బొగ్గు ఖర్చు తేడాలు అందులో మునిగిపోతున్నాయి. రాజీనామా మెయిలు ఇంకా డ్రాఫ్టులోనే ఉందట.