మొయినాబాద్: ఒక పేరు, రెండు అర్థాలు

చేవెళ్ల నుండి మర్రిచెట్ల నీడన హైదరాబాదు వైపు సాగితే మొయినాబాద్ వస్తుంది. ఉర్దూలో ఆ పేరు రాసి చూపితే మా విద్యార్థులు ‘ముయీన్’ అని చదువుతారు, సహాయకుడని అర్థం. ‘ఆబాద్’ అంటే జనావాసం. అవే అరబీ అక్షరాలను ‘మయీన్’ అని చదివితే పారే నీరు. దివ్య ఖుర్ఆన్‌లో ముల్క్ సూరా ముగిసేది ఆ పదంతోనే: మీ నీరు ఇంకిపోతే పారే నీటిని తెచ్చేదెవరు?

ఈ ప్రాంతానికి ఒకవైపు ఉస్మాన్‌సాగర్, మరోవైపు హిమాయత్‌సాగర్. 1908 మూసీ వరద తరువాత నిర్మించిన ఈ జలాశయాలు 1920, 1927లలో పూర్తయ్యాయి. పాలకుని పేరున్నా, మొదటిదానిని జనం గండిపేట చెరువనే పిలుస్తారు.

పేరు పెట్టినవారు సహాయకుడినే తలచి ఉండవచ్చు. అయితే నీరొచ్చే వాగులకు అడ్డంగా ప్రహరీలు లేపితే రెండు అర్థాలూ పోతాయి. మిగిలేది బోర్డు మీది అక్షరాలే.