తీసుకో బావా

మా బావ ఏఎస్సై. కానిస్టేబుల్‌గా చేరి ఎల్లారెడ్డి, కామారెడ్డి స్టేషన్ల మధ్యనే జుట్టు నెరిసింది. ఈసారి ఎస్సై ప్రమోషన్ లిస్టులో పేరు వచ్చేలా ఉంది. తీసుకోవాలా, వద్దని రాసివ్వాలా అని ఇంట్లో రోజూ ఇదే చర్చ.

2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం కానిస్టేబుల్ పోస్టు జిల్లాది, ఎస్సై పోస్టు జోన్‌ది. కామారెడ్డి ఉన్నది రాజన్న జోన్‌లో. అంటే మెదక్, సిద్దిపేట, సిరిసిల్ల, కరీంనగర్... ఎక్కడికైనా వేయొచ్చు. ఇక్కడేమో బావ వాళ్లమ్మ మంచం పట్టింది. ఇన్నేళ్లూ పండుగలన్నీ బందోబస్తులకే పోయాయి, ఇప్పుడైనా ఇంటిపట్టున ఉండమంటది అక్క. ఆమె మాట కాదనలేను.

అయినా నేను తీసుకోమనే చెప్పాను. 2021లో రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61కి పెరిగింది, బావకింకా సర్వీసుంది. కానిస్టేబుల్‌గా మొదలైన మనిషి ఎస్సై కుర్చీలో కూర్చుంటే, రాత్రంతా నిలబడి డ్యూటీ చేసినోడికి తెల్లారి ఎంత విశ్రాంతి కావాలో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని ఉండదు. ఫిర్యాదు పట్టుకొని తండా నుంచి వచ్చిన ముసలవ్వతో ఎట్లా మాట్లాడాలో కూడా అంతే. 2025 ఆగస్టులో కామారెడ్డి కాలనీలు మునిగి, 44వ నంబరు హైవే మీద బండ్లు ఆగిపోయిన రోజుల్లో చూశాం కదా, ఊరూ వాగూ తెలిసిన పోలీసు ఎంత అవసరమో. కొత్త జిల్లాలో వాగుల పేర్లు మారుతాయి, నిజమే. నేర్చుకుంటాడు.

ప్రమోషన్ మీద వేరే జిల్లాకు వెళ్లినవాళ్లుంటే ఇంటిని ఎట్లా నెట్టుకొచ్చారో చెప్పండి. అక్కకు చదివి వినిపిస్తా.